ఉమ్మడి గోడ

మా మనవరాలు మేఘన ఏడో తరగతి చదువుతోంది. మొన్నొక సాయంత్రం బడి నుంచి వస్తూనే సంచీ సోఫాలో పడేసి నా మంచం ఎక్కి కూర్చుంది. ఇంగ్లీషు టీచరు వాళ్ళకొక పని ఇచ్చిందట. 'పోర్షన్' అనే మాటకు మన భాషలో ఎన్ని మాటలున్నాయో ఇంట్లో పెద్దవాళ్ళనడిగి, ఒక్కోదాన్ని రోజూ ఎలా వాడతామో వాక్యం రాసుకు రమ్మందట. దానికి తెలిసిన పోర్షన్లు రెండే. ఒకటి పరీక్షలు దగ్గరపడుతున్నా బడిలో పూర్తికాని పాఠాలు. రెండోది మా గుంటూరు సందుల్లో గేటుకొకటిగా వేలాడే అద్దె బోర్డుల మీది పోర్షన్. ఉద్యోగమంతా పిల్లలకు తెలుగు చెప్పి రిటైరైనదాన్ని, ఇంట్లో నా చదువుతో ఎవరికీ పని పడదు. అలాంటిది కోరి వచ్చి అడిగితే ఊరుకుంటానా? కళ్ళజోడు పెట్టుకుని నిటారుగా కూర్చున్నాను.

భాగం అన్నాను ముందు. పొలానికి ఆ మాటే వాడతాం, తూర్పు చెక్క మా నాన్న భాగానికి వచ్చింది అని రాయమన్నాను. వాటా అన్నాను. ఇంటికీ వ్యాపారానికీ అది, మేడ మీద వాటాలో బ్యాంకాయన ఉంటున్నాడు. పాలు అన్నాను. పాలంటే గేదె ఇచ్చేవి కదా అని అది నవ్వింది. పంటలో సగం తీసుకునేటట్టు పొలం పాలుకిచ్చాం అంటాం, ఆ పాలు వేరు, రాసుకో అన్నాను. వంతు అన్నాను. ఇవాళ కంచాలు తీసే వంతు నీదే అని రాయమంటే ఆ వాక్యం తనకొద్దంది. అన్నీ రాసుకుని పెన్ను నోట్లో పెట్టుకుని ఒక ప్రశ్న వేసింది. ఇవన్నీ పంచుకున్నవాటికి మాటలు కదా, పంచకుండా వదిలేసినదాన్ని ఏమంటారని. ఉమ్మడి అంటారన్నాను. దానికీ వాక్యం చెప్పమంది. నోటిదాకా వచ్చిన వాక్యం పిల్లకు చెప్పేది కాదు. మా మాణిక్యమత్త ఉమ్మడి. పాలు చల్లారిపోతున్నాయి, పోయి తాగు అని దాన్ని పంపేశాను. అది వెళ్ళాక కూడా చాలాసేపు ఆ కళ్ళజోడు తీయలేదు.

మా ఊరు సత్తెనపల్లి నుంచి అమరావతి పోయే రోడ్డు మీద కొంతదూరం వెళ్ళి పక్కకు తిరిగితే వస్తుంది. నల్లరేగడి నేల. వానపడితే కాలు తీయనివ్వదు, ఎండితే చెయ్యి దూరేటంత బీటలు. పత్తి, మిరప, కొంచెం పొగాకు. మాది పెద్ద పెంకుటిల్లు. పెద్దదంటే బంగళా అనుకోవద్దు, గదులు ఎక్కువ, వెలుతురు తక్కువ. వీధి వైపు నుంచి పెరటి చివరిదాకా ఇంటి నడుమ ఒకే మట్టిగోడ. దానికి అటు కొన్ని గదులు, ఇటు కొన్ని గదులు, మధ్యలో తలుపుల్లేని గుమ్మాలు. పిల్లలం ఆ గుమ్మాల్లోంచి అటూ ఇటూ పరుగెత్తేవాళ్ళం. ఇల్లు దాటాక కూడా ఆ గోడ పెరట్లో సాగేది. దాని చివర ఆ గోడకే ఆనించి తాటాకుతో వేసిన కాయల కొట్టు ఉండేది. కల్లంలో ఎండిన మిరపకాయలను గుంటూరు తోలేదాకా అందులో పోసేవాళ్ళం. కాయలున్నా లేకపోయినా ఏడాది పొడుగునా ఆ కొట్లో ఘాటు ఉండేది. కొత్తవాళ్ళు తల లోపల పెడితే చాలు, తుమ్ములు మొదలయ్యేవి. దాని తలుపు వెనక సందులోకి తెరుచుకునేది.

ఆ ఇంట్లో నాన్న, అమ్మ, మేము. బాబాయి, పిన్ని, వాళ్ళ పిల్లలు. తాతయ్య. అందరి మీదా మాణిక్యమత్త. నాన్నకీ బాబాయికీ అక్క ఆమె. పెళ్ళయిన ఏడాది తిరక్కుండానే మొగుడు పోతే పుట్టింటికి వచ్చేసింది. వాళ్ళ అమ్మ, అంటే మా నాయనమ్మ, బాబాయి చిన్నప్పుడే పోయింది కాబట్టి తమ్ముళ్ళిద్దర్నీ పెంచింది ఆమే. నల్లగా, పొడుగ్గా, ఎముకల మనిషి. గొంతు మాత్రం పొలం అవతలి గట్టుకు వినపడేది. తెల్లారకముందే లేచి కళ్ళాపి చల్లి, పొయ్యి రాజేసి, వేణ్ణీళ్ళు పెట్టేది. మేం లేచేసరికి ఆమె ఒంటి నుంచి పొగ వాసన, పేడ వాసన, ఆముదం వాసన కలిసి వచ్చేవి. మిరపకాయల కాలంలో ఆడవాళ్ళంతా కల్లంలో కూర్చుని తాలుకాయలు ఏరేవాళ్ళు. తాలుకాయ అంటే రంగు పోయి తెల్లబడ్డ కాయ, బజారుకు పనికిరాదు. ఇంట్లో పచ్చళ్ళకూ కారానికీ అవే. చేతులు మండి ఏడుస్తుంటే అత్త మా వేళ్ళకు ఆముదం రాసి, కళ్ళు నలుపుకున్నారో చంపేస్తానని బెదిరించేది. ఆమెకు మాత్రం చేతులు మండేవి కావు. ఆ మంట ఏనాడో చచ్చిందే అనేది.

ఇంట్లో పంచేపని కూడా ఆమెదే. తాటిముంజలు వచ్చినా, సంత నుంచి జీళ్ళు వచ్చినా, వేటకూర వండినా పిల్లలందర్నీ వరసగా కూర్చోబెట్టి పెట్టేది. ఎవరి ముక్క పెద్దది, ఎవరిది చిన్నది అని మేం కొలుచుకుంటుంటే గుడ్లురిమి చూసేది. అందరికీ పెట్టాక గిన్నె అడుగు నాకి, నాకు చాలే, నేను చేస్తూనే సగం తిన్నా అనేది. ఆ మాట అబద్ధమని మాకు తెలియదు. అమ్మకు తెలుసేమో. తెలిసినా ఆ రోజుల్లో ఆడవాళ్ళు ఒకరి తిండి గురించి ఒకరు పట్టించుకునేవాళ్ళు కాదు. అందరూ అలాగే తినేవాళ్ళు.

తాతయ్య పోయిన ఎండాకాలంలో పంపకాలు జరిగాయి. మావైపు పద్ధతి ఏమిటంటే పెద్దవాడు భాగాలు పెట్టాలి, చిన్నవాడు కోరుకోవాలి. పెట్టేవాడికి ఏది తనకొస్తుందో తెలియదు కాబట్టి న్యాయంగా పెడతాడని. నాన్న రోజుల తరబడి పొలం గట్ల మీద తిరిగి రెండు భాగాలు పెట్టాడు. పెద్దమనుషులు అరుగు మీద కూర్చున్నారు. బాబాయి తలొంచుకుని, అన్నయ్య ఏది వదిలితే అది నాకు చాలన్నాడు. అట్లా కుదరదు, నువ్వే కోరుకోవాలి అని పెద్దమనుషులు ఆయన చేత అనిపించారు. పొలంలో పడమటి చెక్క, ఇంట్లో తూర్పు వాటా ఆయన కోరుకున్నాడు. గొంతులు లేవలేదు, ఎవరూ కండువా దులుపుకుని లేచిపోలేదు. పంచుకుంటే వీళ్ళలాగా పంచుకోవాలి అని ఆ ఏడాదంతా ఊళ్ళో మా గురించి చెప్పుకున్నారు. అన్నదమ్ములిద్దరికీ ఆ పేరంటే ప్రాణం. తరవాత జరిగిన దానికంతటికీ నేను ఆ మంచిపేరునే తిడతాను.

పొలం, గొడ్లు, బండి, సామాను అన్నీ అయ్యాక, మరి మాణిక్యమ్మ సంగతేంటి అని ఒక పెద్దమనిషి అడిగాడు. అన్నదమ్ములిద్దరూ ఒక్కసారే, అక్క మా ఇద్దరిదీ అన్నారు. వింటున్నవాళ్ళ కళ్ళు చెమర్చాయి. చిన్నదాన్నే అయినా నాకు కూడా ఒళ్ళు పొంగింది. అప్పుడు పెద్దమనుషులు తీర్పు చెప్పారు. ఇల్లు నడిమి గోడ దగ్గర చీలుతుంది, గుమ్మాలు పూడ్చెయ్యాలి, గోడ మాత్రం ఉమ్మడి. పెరట్లో కాయల కొట్టు ఉమ్మడి. మాణిక్యమ్మ ఆ కొట్లో ఉంటుంది, ఎటుపక్క ఉన్నా రెండోవాడికి చిన్నతనం కాబట్టి. తిండి ఒక నెల పెద్దోడింట్లో, ఒక నెల చిన్నోడింట్లో, అమావాస్యకి అమావాస్యకి వంతు మారుతుంది. ఆ సమయానికి అత్త వాళ్ళకు మజ్జిగ గ్లాసులు అందిస్తోంది. ఆమెను ఎవరూ ఏమీ అడగలేదు. ఖాళీ గ్లాసులు పళ్ళెంలో పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది. సాయంత్రానికల్లా తన రేకుపెట్టె, మంచం కొట్లోకి చేరాయి. నేను పెట్టెకు ఒక పక్క పట్టుకున్నాను. ఆ ఘాటుకు నేను దగ్గుతుంటే, రెండు రోజులుంటే అదే అలవాటవుద్ది అంది.

ఇక్కడ గోడ గురించి చెప్పాలి. మట్టిగోడ మనిషి లాంటిదే, ఏటేటా చూసుకోకపోతే నిలవదు. వానలు పడకముందే పుట్టమన్ను తెచ్చి, పేడ, ఊక కలిపి, కాళ్ళతో తొక్కి నానబెట్టి, గోడకు రెండు వైపులా మెత్తాలి. నెత్తిన పాత తాటాకు తీసేసి కొత్తది కప్పాలి. తాతయ్య ఉండగా ఆ పని అత్త చేయించేది. చేయించడమేమిటి, చీర ఎగ్గట్టి తనే ముందు దిగేది. మేమంతా ఆ బురద తొక్కుతూ ఒకరి మీద ఒకరం జల్లుకునేవాళ్ళం, తిట్లు తినేవాళ్ళం. ఏడాది మొత్తంలో ఇంటిల్లిపాదీ కలిసి చేసే పని అదొక్కటే అనుకుంటాను.

పంపకాల తరవాతి వేసవిలో ఎవరూ గోడ ముట్టలేదు. బద్ధకం కాదు, పిసినారితనమూ కాదు. ఇద్దరూ కష్టజీవులే. మావైపు ఉమ్మడి గోడ మీద ఒక్కడు చెయ్యి వేశాడంటే దానికి ఒక అర్థముంది. రేపు ఇది నాదే అనబోతున్నాడని, లేకపోతే రెండోవాడు చేయట్లేదని ఊరికి చాటుతున్నాడని. ఇద్దరూ కలిసి దిగాలి. కలిసి దిగాలంటే ఎవరో ఒకరు ముందు అడగాలి. తమ్ముడు వచ్చి అడిగితే బాగుంటుందని నాన్న అనుకున్నాడు. అన్నయ్య కబురుపెడితే వెళదామని బాబాయి అనుకున్నాడు. పెద్దవాడు పిలవకుండా చిన్నవాడు పనికి దిగితే అన్నను లెక్కచేయలేదంటారు. చిన్నవాణ్ణి పిలిస్తే పెద్దరికం చేస్తున్నాడంటారు. ఇద్దరూ ఒకరి గౌరవం ఒకరు కాపాడుతూ కూర్చున్నారు. ఆ కాపాడటంలో రెండు వేసవులు పోయాయి.

అత్త ఊరుకునే మనిషి కాదు. మా ఇంట్లో వంతు నడుస్తున్న రోజుల్లో ఒకసారి తనే మట్టి తొక్కి, కొట్లో గోడకు మెత్తడం మొదలుపెట్టింది. నాన్న చూసి కంగారుగా వెళ్ళాడు. ఇప్పుడు నువ్వు నా ఇంట్లో తింటున్నావు, నేనే చేయిస్తున్నానని వాడనుకుంటాడు, వద్దక్కా అన్నాడు. ఆమె చేతులు కడుక్కుంది. వంతు మారాక బాబాయి వైపు నుంచి మొదలుపెట్టింది. బాబాయి కూడా పరుగున వచ్చి ఆ మాటే, తిరగేసి అన్నాడు. తొక్కిన మట్టి కొట్టు ముందు ఎండి రాయైపోయింది. మేం పిల్లలం దాని మీద ఎక్కి దూకేవాళ్ళం. ఒకరోజు అత్త సందులో నిలబడి, తమ్ముళ్ళిద్దరూ వినేటట్టు కేకేసి చెప్పింది.

"ఒరేయ్ పెద్దోడా, చిన్నోడా, ఇద్దరూ ఒక్క పూట రండ్రా. చెరోపక్కా చెయ్యేస్తే పొద్దుగూకేలోపు అయిపోద్ది."

ఇద్దరూ వినే ఉంటారు. ఆ గొంతు వినపడని చోటు ఊళ్ళో లేదు. పిలిచింది అన్న కాదు, తమ్ముడు కాదు, అక్క. అక్క ఉమ్మడి. ఆమె పిలుపుకి మొదట ఎవరు బయటికి రావాలన్నది పెద్దమనుషులు చెప్పలేదు.

మూడో ఏడు వానాకాలంలో గోడ కొట్టు వైపు ఉబ్బింది. తూర్పు జల్లు అంతా బాబాయి వైపు కొడుతుంది, నాని నాని ఇటు పొట్ట వచ్చింది. వదిన ఆ గోడ కింద పడుకోవటం నాకు బాగాలేదు, ఇంట్లో పడుకోమనండి అని అమ్మ నాన్నతో చాలాసార్లు అంది. నాన్న అడిగాడు కూడా. మీ ఇంట్లో పడుకుంటే చిన్నోడి మొహం చిన్నబోద్దిరా అని అత్త నవ్వేసింది. పిన్ని కూడా తన వంతు నెలలో పిలిచిందని, ఆమెకూ అదే జవాబని తరవాత తెలిసింది. అత్త మంచాన్ని మాత్రం గోడ నుంచి ఒక జానెడు ఇవతలికి జరుపుకుంది. ఇంకా జరపడానికి ఆ కొట్లో చోటు లేదు.

కార్తీకం చివర తుపాను పట్టింది. పత్తి చేలు నీళ్ళలో నిలబడ్డాయి, కాయ పగిలిన పత్తి నల్లబడి వేలాడింది. మిరప తోటలు ఊటెత్తి వడలిపోయాయి. మగవాళ్ళు అరుగుల మీద కూర్చుని ఆకాశాన్ని తిట్టే ఓపిక కూడా లేక బీడీలు కాలుస్తున్నారు. బయటికి కాలు పెట్టే పని లేదు. తడిసిన గొడ్లు, తడిసిన కట్టెల పొగ, ఆరని గుడ్డల ముక్క వాసన. ఊళ్ళో ఎక్కడో అక్కడ మట్టిగోడలు కూలుతూనే ఉన్నాయి. మట్టిగోడ కూలితే పెద్ద చప్పుడేమీ రాదు. బస్తా జారిపడ్డట్టు ఒక్క దెబ్బ, తరవాత వాన చప్పుడే. అమావాస్యనాడు పొద్దున అమ్మ నాకు జడ వేస్తుంటే అలాంటి చప్పుడొకటి వినపడింది. ఎవరిదో పాపం అంది అమ్మ, దువ్వెన ఆపకుండానే.

పొద్దున అంబలి వేళకు అత్త రాలేదు. మధ్యాహ్నం అన్నానికి రాలేదు. అమ్మ వెతకలేదు. అత్త నెల మా ఇంట్లో నిన్నటితో అయిపోయింది, అమావాస్య వచ్చింది కాబట్టి ఇవాళ్టి నుంచి బాబాయి గారింట్లో అని అమ్మ లెక్క. మధ్యాహ్నం దాటాక వాన కాస్త తెరిపిచ్చింది. పిన్ని నెత్తిన గోనె కప్పుకుని మా వీధి గుమ్మంలోకి వచ్చి, వదినగారి చేత కాస్త చింతపండు పంపిస్తావా అక్కా అని అడిగింది. అత్త పెట్టెలో కొత్త చింతపండు ఉందట.

"వదిన మీ ఇంట్లోనేగా ఉంది" అంది అమ్మ.

"ఇవాళ్టిదాకా మీ వంతు కదక్కా. అమావాస్య వెళ్ళాక గదా మాది."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తరవాత అమ్మ ఎలా పరుగెత్తిందో నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. ఎప్పుడూ గడప దాటేటప్పుడు కొంగు సర్దుకునే మనిషి, ఆ బురదలో కొంగు ఈడ్చుకుంటూ పెరడంతా దాటి సందులోకి పోయింది. కొట్టు తాటాకు కప్పు అలాగే ఉంది, ఒక పక్కకు ఒరిగింది. బయటి నుంచి చూస్తే ఏమీ తెలియదు. లోపల గోడ మొత్తం మంచం మీద ఉంది. అత్త నడుం కిందంతా మట్టిలో ఉంది. చేతులు బయటున్నాయి. గోళ్ళు అరిగేదాకా మట్టి తోడుకుంది. ఎంత పిలిచిందో, ఆ గొంతు వానలో ఎక్కడిదాకా వచ్చిందో మాకు తెలియదు. పొద్దుటి నుంచి రెండు ఇళ్ళ మధ్య, రెండు పొయ్యిలకూ సమానమైన దూరంలో పడి ఉంది.

నాన్న, బాబాయి పారలు కూడా తీసుకోలేదు. చేతులతో తోడారు. పంపకాల తరవాత ఆ గోడ మీద ఇద్దరూ కలిసి చెయ్యి వెయ్యటం అదే మొదలు. ఊళ్ళోవాళ్ళు నలుగురు చేరారు, ట్రాక్టరు తెచ్చారు. మంచం మీదికి ఎత్తుతుంటే అత్త కళ్ళు తెరిచింది. స్పృహ బాగానే ఉంది. ఎవరింటికిరా అని అడిగింది. బాబాయి ఏడుస్తూ, ఆస్పత్రికక్కా అన్నాడు.

"అయితే సరే" అంది.

ఆ రెండు మాటలు అన్న తీరు నేనెప్పటికీ మరిచిపోలేను. కోపం లేదు, ఎత్తిపొడుపు లేదు. ఎవరి మనసూ నొచ్చుకోని చోటు ఒకటి దొరికిందని నెమ్మదించింది, అంతే. సత్తెనపల్లి చేరేలోపు దారిలోనే పోయింది. ముందే తీసుంటే బతికేదేమో అని డాక్టరు అన్నాడట. ఆ మాట నాన్న ఇంట్లో చెప్పలేదు, వెంట వెళ్ళినవాళ్ళు చెప్పారు. శవాన్ని తెచ్చాక ఎవరి గుమ్మం ముందు దింపాలి అని మళ్ళీ ఒక్క క్షణం అందరూ ఆగారు. అమ్మ గట్టిగా, నేల మీద దింపండి ముందు అంది. రెండు గుమ్మాల నడుమ వీధిలో దింపారు. అమ్మ మగవాళ్ళ మధ్య నోరెత్తి మాట్లాడటం నేను విన్నది అదొక్కసారే.

ఆ గోడను మళ్ళీ ఎవరూ కట్టలేదు. కొన్నాళ్ళకు నాన్న తన హద్దులో ఇటుకలతో ఒక గోడ కట్టుకున్నాడు. బాబాయి తన హద్దులో ఇంకొకటి కట్టుకున్నాడు. మధ్య మనిషి పట్టనంత సందు మిగిలింది. పోయినేడు ఊరు వెళ్ళినప్పుడు చూశాను. రెండు గోడలూ నిటారుగా ఉన్నాయి, సిమెంటు పూసి, రంగులేసి. ఎవరి గోడను వాళ్ళు ఏటా చూసుకుంటారు. నడుమ సందులో ప్లాస్టిక్ కవర్లు, ఎలుకలు. అన్నదమ్ములిద్దరూ పోయారు, వాళ్ళ మనవలకు ఆ సందు ఎందుకుందో తెలియదు. అది ఏ వాటాలోకి వస్తుందని మా తమ్ముడి కొడుకు నన్నడిగాడు. ఏ వాటాలోకీ రాదన్నాను. వేస్టుగా వదిలేశారే అన్నాడు.

ఇప్పుడు నేనుండేది అమ్మాయి వాళ్ళ అపార్ట్‌మెంట్‌లో. మూడో అంతస్తు మెట్ల దగ్గర ఇనుప కమ్మీ ఊడి నెలలైంది. నేను పట్టుకున్నప్పుడల్లా ఊగుతుంది. అడిగితే అది కామన్ ఏరియా ఆంటీ, అసోసియేషన్ చూసుకోవాలి అంటారు. అప్పటికీ ఇప్పటికీ ఏం మారిందని నన్ను ఎవరైనా అడిగితే, ఇప్పుడు తిట్టడానికి ఒక అసోసియేషన్ అయినా ఉందంటాను. అప్పుడు మాకు తిట్టడానికి ఎవరూ లేరు. నాన్న మంచివాడు, బాబాయి మంచివాడు, పెద్దమనుషులు న్యాయంగా చెప్పారు. అత్తను ఎవరూ పొమ్మనలేదు, ఎవరూ ఒక్క పరుషమైన మాట అనలేదు. ఆమె మీద ప్రేమ లేనివాళ్ళు ఆ ఇంట్లో లేరు. వాళ్ళను క్షమించడం నాకు ఇన్నేళ్ళయినా చేతకాలేదు. దుర్మార్గులైతే ఎప్పుడో మరిచిపోయేదాన్ని.

అత్త దినంనాడు అమ్మ, పిన్ని కలిసి మా వంటింట్లో వండారు. పంపకాలయ్యాక ఇద్దరూ ఒకే పొయ్యి ముందు కూర్చోవడం అదే మొదలు. అత్తకు ఇష్టమని గోంగూర, మజ్జిగపులుసు, గారెలు. నాన్న, బాబాయి పెరట్లో విస్తరి కోసం, కాకి కోసం చూస్తున్నారు. నేను గుమ్మంలో కూర్చుని ఆకులు తుడుస్తున్నాను. పిన్ని గారెలు తీస్తూ, ఏదో గుర్తొచ్చినట్టు, అమావాస్య రోజుల్లో వదిన మీ ఇంట్లో ఏం తినేదక్కా అని అడిగింది. నేను పిలిచినప్పుడల్లా, ఇవాళ పెద్దోడింట్లో తిన్నాలే అనేది అంది.

అమ్మ పులుసు గిన్నె కింద పెట్టింది. "నాతో చిన్నోడింట్లో తిన్నాననేది" అంది.

పొయ్యి మీద నూనె పొగలొస్తోంది. ఎవరూ మూకుడు దించలేదు. పిన్ని మెల్లగా అడిగింది.

"దీపావళికి కూడానా అక్కా?"

పెరట్లోంచి నాన్న విస్తరి తెమ్మని కేకేశాడు. వెంటనే బాబాయి కూడా కేకేశాడు. అమ్మా పిన్నీ ఇద్దరిలో ఎవరూ లేవలేదు.